పై వీధి కొళాయి

ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీని అతను గోడకి ఆనించి వేశాడు. అందులో కూర్చున్నవాళ్లు వెనక్కి చేరబడితే ఫరవాలేదు గానీ ముందుకి వంగి గట్టిగా మాట్లాడబోతే మాత్రం కుర్చీ ఊగుతుంది. అందుకే అది దర్జీకి. దర్జీ ఎక్కువ మాట్లాడడు. మెత్త ఉన్నది ప్రెసిడెంటుగారిది. వెడల్పాటిది పిండిమర యజమానిది, ఆయన వొళ్లు మరే కుర్చీలోనూ పట్టదు. కిటికీ పక్కది మంత్రసానమ్మకి, గాలి ఆడకపోతే ఆమెకి కునుకు పడుతుంది. మిగతా మూడూ వేశాడు గానీ వాటి దుమ్ము తుడవలేదు. ఒక సభ్యుడు ఊళ్లో లేడు, ఒకాయన మంచంలో ఉన్నాడు, మూడో ఆయన ప్రెసిడెంటు మీద అలిగి రావడం మానేసి చాలాకాలమైంది. బల్ల మీద గుడ్డని తిరగేసి సిరా మరక గుమస్తా వైపు వచ్చేలా పరిచాడు. అంత పనికే నడుం పట్టేసింది. కాసేపు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

గ్రామ బోర్డు ఆఫీసులో అతను బంట్రోతు. ఊళ్లో అందరూ అతన్ని కోరం అంటారు. ఏడుగురు సభ్యుల్లో నలుగురైనా కూర్చుంటే తప్ప సమావేశం జరగదు. ఆ నలుగురినీ ఇళ్లకి వెళ్లి, బతిమాలి, తోలుకొచ్చే పని అతనిది. ఉద్యోగంలో చేరినప్పుడు ఈ పని ఎవరూ అప్పగించలేదు. మొదట్లో ఒకసారి పిలుచుకు రమ్మన్నారు, వెళ్లాడు. ఆ తర్వాత అతను వెళ్లకపోతే ఎవరూ కదలడం మానేశారు. దూరం నుంచి అతను కనిపించగానే పక్క సందులోకి తప్పుకునే సభ్యులున్నారు. తనని ఎవరైనా పేరుపెట్టి పిలిచిన గుర్తు అతనికి లేదు, పెళ్లాం కూడా 'ఏమయ్యా' అనే పిలుస్తుంది.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆ ఏమయ్యా కొంచెం గట్టిగానే వినిపించింది.

"ఏమయ్యా, ఇవాళైనా ఆ మాట ఎత్తుతావా?"

"నేనెత్తేదేంటే? బంట్రోతుని. నేను టీ ఇవ్వాలి, వాళ్లు మాట్లాడాలి."

"వాళ్లందర్నీ లాక్కొచ్చి కూర్చోబెట్టేది నువ్వే కదా. కూర్చోబెట్టాక నీ నోరెక్కడికి పోతుంది?"

ఆమె మంచంలోంచి అంటోంది. పోయిన వారం కింది వీధి కొళాయి నుంచి నీళ్లు తెస్తూ ఏటవాలు దారిలో జారి పడింది. తుంటి దగ్గర కమిలి, అటు తిరిగి పడుకోవాలన్నా అతను సాయం పట్టాల్సి వస్తోంది. ఆ రోజు నుంచి నీళ్లు అతనే మోస్తున్నాడు. ఇద్దరికీ నీళ్లు ఎంతో అక్కర్లేదు, కానీ ఆ కొంచెమూ పైకి చేరేసరికి అతనికి చొక్కా తడిసిపోతోంది, చెవుల్లో గుయ్ మంటోంది.

పై వీధికి కొళాయి కావాలన్న అర్జీ బోర్డు దగ్గర ఏళ్ల తరబడి నానుతోంది. ఎవరూ కాదనలేదు. అసలు దాని వరకూ రావడమే కుదరలేదు. కొత్త అంశాలు తొందరవి కాబట్టి ముందుంటాయి, పాతవి ఎటూ పోవు కాబట్టి చివరికి వెళ్తాయి, అలా పై వీధి కొళాయి ప్రతిసారీ ఆఖరి అంశమే అవుతుంది. ఆ బోర్డులో ఇంకో అలవాటు కూడా ఉంది. టీ వచ్చిందంటే సమావేశం అయిపోయినట్టే. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుంటారు, అతను పళ్లెం పట్టుకొస్తాడు, గ్లాసులు ఖాళీ అవుతాయి, కుర్చీలు వెనక్కి జరుగుతాయి. మిగిలినవన్నీ వాయిదా. ఇన్నేళ్లుగా తన వీధి కొళాయిని తన చేతి టీతోనే వాయిదా వేయిస్తూ వచ్చాడతను. ఆ సంగతి తట్టినప్పుడల్లా నవ్వొచ్చేది. ఇవాళ రావడం లేదు. ఈ బోర్డుకి ఇదే ఆఖరి సమావేశం. ఎన్నికలయ్యాక కొత్తవాళ్లు వస్తారు, మిగిలిపోయిన అర్జీలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టే ఓపిక తనకుందో లేదో అతనికి తెలియదు.

పిండిమర దగ్గరికి వెళ్లేసరికి యజమాని బస్తాల వెనక్కి తప్పుకున్నాడు. తప్పుకున్నాడు గానీ ఆయన బొజ్జ ఇవతలే ఉండిపోయింది.

"నేను లేనని చెప్పవోయ్," అన్నాడు బస్తాల వెనకనుంచి.

"ఎవరితో చెప్పమంటారండీ? మీతోనే మాట్లాడుతున్నాను."

కనుబొమ్మల నిండా పిండితో ఆయన బయటికొచ్చాడు. మర నడుస్తుండగా వదిలి ఎలా రమ్మంటావన్నాడు, పదవీ వద్దు పాడూ వద్దన్నాడు, ఆఖరికి నడువు వస్తున్నానన్నాడు. దర్జీ ఒక చొక్కా చెయ్యి అతికిస్తున్నాడు. అది పూర్తయ్యేదాకా అతను గడప మీద కూర్చున్నాడు. నిజానికి నిలబడలేక కూర్చున్నాడు, దర్జీ మాత్రం తనని కదలనివ్వకుండా కాపలా కూర్చున్నాడనుకుని గబగబా దారం కొరికేశాడు. మంత్రసానమ్మ ఒక్కతే పిలవకుండా ఎదురొచ్చింది.

"మీ ఆవిడకి ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగానే ఉందమ్మా," అన్నాడు. ఎవరేమడిగినా అతని జవాబు అదే.

ఎండ నడినెత్తికి వచ్చాక నలుగురూ కూర్చున్నారు. గుమస్తా అంశాలు చదవడం మొదలుపెట్టాడు. మురిక్కాలవలో పూడిక తీయించాలన్నది తొందరగానే తెమిలింది. సందుల్లో తిరిగే పశువుల్ని కట్టేసే దొడ్డికి తాళం లేదని తేలింది, తాళం కొనాలా తలుపే కొనాలా అని కాసేపు నడిచింది. ఆ తర్వాత వచ్చింది పేర్ల పలక. దిగిపోయే సభ్యుల పేర్లు చెక్కించి గోడకి తగిలించాలి. ఎవరి పేరు ఎక్కడుండాలి? అక్షరాల వరసలో అయితే తన పేరు అట్టడుక్కి పోతుందని మర యజమాని. వయసు వరసలో అయితే తన వయసు బయటపడుతుందని మంత్రసానమ్మ. అలిగిన సభ్యుడి పేరు ఉండాలా వద్దా అని ప్రెసిడెంటు. ఎప్పుడూ మాట్లాడని దర్జీ కూడా ముందుకి వంగాడు, కుర్చీ ఊగింది.

వెనక గదిలో స్టవ్ మీద టీ మరిగి సిద్ధంగా ఉంది. అతను గుమ్మంలో నిలబడి వింటున్నాడు. కాళ్లు బరువెక్కాయి. ఈ మనుషుల మీద అతనికి ఎప్పుడూ కోపం రాలేదు, ఇవాళ వచ్చింది. ఒక్క పలక కోసం ఇంతసేపా అనుకున్నాడు.

ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు.

అతను కదల్లేదు. ఆయన మళ్లీ సవరించుకుని ఇటు చూశారు.

"పాలు విరిగిపోయాయండీ," అన్నాడు అతను. "వేరే పాలు తెప్పిస్తున్నాను. కాస్త ఆలస్యమవుతుంది."

టీ వాసన హాలంతా వస్తూనే ఉంది. గుమస్తా తలెత్తి అతని వంక చూశాడు, తర్వాతి అంశం అందుకున్నాడు. టీ రాకపోతే లేవడం ఎలాగో ఆ సభ్యులకి తెలియదు. గొణుక్కుంటూనే వీధి దీపం సంగతి తేల్చారు. మడమ నొప్పి గురించి ఒకరు, వానల గురించి ఇంకొకరు మాట్లాడారు. ఇక ఒకటే మిగిలిందనగా మర యజమాని లేచాడు.

"నాకు టీ వద్దు, ఏమీ వద్దు. అక్కడ మర ఆగిపోయి ఉంటుంది."

ఆయన వెళ్తే ముగ్గురే. అతను గుమ్మంలోనే ఉన్నాడు. తప్పుకోవాలి. బంట్రోతు పని తప్పుకోవడం. తప్పుకోలేదు.

"ఒక్క నిమిషం కూర్చోండి బాబూ."

"ఎందుకయ్యా?"

ఈ మాట ఎప్పుడైనా అనాల్సి వస్తే ఎలా అనాలో ఎన్నోసార్లు మనసులో అనుకుని పెట్టుకున్నాడు. అవేవీ నోటికి రాలేదు.

"ఆఖరి అంశం మా వీధిదండీ. మా ఆవిడ నీళ్లు మోస్తూ పడిపోయింది. లేవడం లేదు."

మర యజమాని అతని వంక ఎగాదిగా చూశాడు, అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు.

"నీది పై వీధా? మరి ఇన్నాళ్లూ చెప్పవేంటయ్యా?"

"చెప్పడం నా పని కాదనుకున్నానండీ," అన్నాడు. ఆ మాట తన చెవులకే తెలివితక్కువగా వినిపించింది.

ఆయన తిరిగి వెళ్లి కూర్చున్నాడు. గుమస్తా చదివాడు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు ప్రెసిడెంటుగారు. నాలుగు చేతులు లేచాయి, దిగాయి. గుమస్తా రాసుకున్నాడు. అంతే. పేర్ల పలకకి పట్టిన కాలంలో వెయ్యోవంతు పట్టలేదు. అతనికి సంతోషం కలగాలి, కలగలేదు. ఇంత తేలికైనదా ఇది, ఇన్నేళ్లూ ఇది ఇంతేనా అనుకున్నాడు. కళ్లు తుడుచుకుని టీ తెచ్చాడు.

మంత్రసానమ్మ ఒక గుక్క తాగి, "విరిగిన పాలతో టీ భలే కుదిరిందయ్యా," అంది. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు.

అందరూ వెళ్లాక గుమస్తా తలుపు దగ్గర ఆగాడు.

"కోరం, పైపులవాడు ఈ వారంలో ఎప్పుడైనా రావచ్చు. కొళాయి ఎక్కడ కావాలో అక్కడ ఒక కొయ్య పాతి ఉంచు. లేకపోతే వాడి బండి ఎక్కడాగితే అక్కడే తవ్వేస్తాడు."

పొద్దు వాలుతుండగా అతను ఏటవాలు ఎక్కాడు. మధ్యలో రెండు చోట్ల గోడ పట్టుకుని ఆగాడు. భార్య మంచం గుమ్మానికి ఎదురుగానే ఉంది, అక్కణ్ణుంచి వీధి కొంత కనిపిస్తుంది.

"అయిందే," అన్నాడు.

"ఏమయింది?"

"కొళాయి."

ఆమె నమ్మలేదు. మళ్లీ చెప్పించుకుంది. "ఎంతసేపు పట్టింది?"

"తుమ్మినంతసేపు."

"మరి ఇన్నేళ్లూ ఆ తుమ్మేదో తుమ్మలేకపోయావా?"

అన్నది కోపంగానే, కానీ సగంలో గొంతు జీరపోయింది. ముఖం అటు తిప్పుకోబోయి తుంటి నొప్పితో మూలిగింది. అతను పక్కన కూర్చుని దిండు సర్దాడు. పైపులవాడు వచ్చేలోగా కొయ్య పాతి ఉంచమన్నారని చెప్పాడు. "అయితే వెలుతురు పోకముందే పాతు," అంది ఆమె.

పెరట్లో విరిగిపోయిన చీపురు కర్ర ఉంది. దాని మొన చెక్కాడు. పైపులవాడికి కనిపించాలని చిరిగిన ఎర్ర దుప్పటి అంచు చింపి దాని తలకి చుట్టాడు. తమ గుమ్మం ఎదుటే పాతబోయాడు.

"అక్కడొద్దు," అంది ఆమె లోపల్నుంచి. "బంట్రోతు కొట్టేశాడంటారు. కొంచెం పైకి. ఆ పై ఇంటి ముసలమ్మకి కూడా దగ్గరవ్వాలి."

"ఇక్కడా?"

"ఇంకొంచెం. అదీ, అక్కడ. అక్కడైతే నాకు కనిపిస్తుంది."

ఒక రాయి తీసుకుని కొట్టాడు. నేల గట్టిది. నాలుగైదు దెబ్బలకి కొయ్య కొంచెం దిగింది. ఆమె మంచంలోంచి చూస్తోంది, అతని వీపూ ఎర్ర గుడ్డా కనిపిస్తున్నాయి. దెబ్బలు ఆగాయి. అతను రాయి చేతిలోనే ఉంచుకుని, పక్కనున్న గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"రొప్పు తీరాకే లే," అంది. "తొందరేముంది ఇప్పుడు."

అతను లేవలేదు. ఆమె తన ధోరణిలో మాట్లాడుతూనే ఉంది. కొళాయి కింద ఒక బండ వేయించాలని, లేకపోతే బురదవుతుందని చెప్పింది. వృథా నీళ్లు గోడ పక్కగా పోయేలా చిన్న కాలవ తీయమంది. తను లేచి నడిచాక మొదటి బిందె తానే పట్టుకుంటానని, ఆ రోజు అతన్ని ముట్టుకోనివ్వనని అంది. "వింటున్నావా?" అని అడిగింది. వింటూ మాట్లాడకపోవడం అతనికి అలవాటే కాబట్టి మళ్లీ అడగలేదు.

కింది నుంచి నీళ్లు మోసుకొస్తున్న పొరుగింటామె అతని దగ్గరికి వచ్చి ఏదో పలకరించింది. వంగి ముఖంలోకి చూసింది. నడుం మీది బిందె నెమ్మదిగా దింపి కింద పెట్టి, అతని చెయ్యి పట్టుకుంది. సగం దారిలో ఎవరూ బిందె దింపరు. మంచంలోని ఆమె మాట్లాడుతున్నదల్లా ఆగిపోయింది.

చీకటి పడే వేళకి ఇల్లూ వీధీ నిండిపోయాయి. మంత్రసానమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. దర్జీ వచ్చాడు, ప్రెసిడెంటుగారు వచ్చారు. పిండి దులుపుకోకుండానే మర యజమాని పరుగున వచ్చి, ఏటవాలు ఎక్కలేక వగరుస్తూ, పొద్దున నాతో మాట్లాడాడయ్యా అని కనిపించినవాళ్లందరితో చెప్పాడు. నలుగురు కలిసి అతన్ని ఎత్తి లోపలికి తెస్తుంటే ముందు నడిచేవాడు, "కాలికింద కొయ్య ఉంది, చూసుకోండి," అన్నాడు. సందు ఇరుకు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని తప్పించుకుని పక్కకి ఒరిగి నడుస్తున్నారు, సగమే దిగిన ఆ కొయ్య కాస్త ఒక పక్కకి వాలి, తలకి ఎర్ర గుడ్డతో అక్కడే నిలబడి ఉంది.