ఎదురుకాళ్ల కోడలు

నేను తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో బయటపడ్డాను. అందులో నా గొప్పేమీ లేదు. అయినా అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము వదిలేస్తుందని మనవాళ్ల నమ్మకం. కొత్తగూడకు కోడలిగా వచ్చిన కొత్తలోనే మా అత్తమ్మ సీతాబాయి ఈ సంగతి గల్లీ అంతా చాటింది. ఆ మీదట ఆదివారం వచ్చిందంటే చాలు, మా గడప ముందు ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉంటారు. చెమట, బామ్, నిన్నటి కొబ్బరినూనె కలిసిన ఆ వీపుల మీద పాదం పెట్టాలంటే నాకు డోకొచ్చేది. తొక్కి లోపలికొచ్చి సబ్బుతో కాళ్లు రుద్దుకునేదాన్ని.

ఆఫీసులోనూ సుఖం లేదు. నడుముకు మంచిదని ఏరి కొన్న కుర్చీలో కూర్చునే మా మేనేజర్ మేడమ్, ఎవరు చెప్పారో గానీ, ఓ రోజు మీటింగ్ రూమ్ తలుపేసి, కార్పెట్ మీద పడుకుని, ఒక్కసారి తొక్కండి ప్లీజ్ అంది. ఛీ అనిపించింది. తొక్కాను, ఏం చేస్తాను, అప్రైజల్స్ దగ్గర పడ్డాయి.

మొన్న వానాకాలంలో అత్తమ్మ బాత్రూంలో జారి పక్కకు పడిపోయింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా కనపడుతోంది, పాదం బయటివైపు తిరిగిపోయింది. ముట్టుకుంటే కేకలు. ఇది నడుము పట్టు కాదు, తుంటి విరిగినట్టుంది, ఎవరూ కదపొద్దని చెప్పి అంబులెన్స్‌కు ఫోన్ చేశాను.

అది ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఈలోపు ఇంటినిండా జనం. ఇంట్లో మందు పెట్టుకుని దవాఖానకు పోవుడేందని మామయ్య నర్సింహ, పక్కింటి కళ్యాణక్క ఒకటే గోల. ఆమెను బోర్లా తిప్పడానికి చేతులు కూడా వేశారు. వాళ్ల చేతులు తోసేశాను. నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన మా ఆయన సాయిచంద్ మెల్లగా నా పక్కకు వచ్చాడు.

"జర తొక్కరాదు? పోయేదేముంది?"

పోయేది వాళ్లమ్మ కాలు. ఆ మనిషి మొహం చూడాలంటే అసహ్యమేసింది.

అత్తమ్మ నొప్పితో వణుకుతూ నా చీర కొంగు పట్టుకుంది. "నా మీద కోపముంటే తర్వాత తీర్సుకో బిడ్డా. ఇప్పుడైతే తొక్కు."

ఇన్నేళ్లు ఒకే వంటింట్లో మసిలితే ఆమె నన్ను అర్థం చేసుకున్నది ఇంతేనా. ఆ తడి నేల మీదే, ఆమెకు అడ్డంగా, రెండు కాళ్లూ కింద మడిచి కూర్చున్నాను. ఎవరెన్ని తిట్టినా అంబులెన్స్ వచ్చేదాకా లేవలేదు.

ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగిందని తేలింది. బోర్లా తిప్పి తొక్కి ఉంటే లోపల ఇంకా ఛిద్రమయ్యేదని డాక్టర్ మా ఆయనతోనే అన్నాడు. మర్నాడు ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు, ఆ వెంటనే వాకర్ పట్టించి నిలబెట్టారు. కింద గానీ పీట మీద గానీ కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు, నేర్పిన కసరత్తులు మాత్రం మానొద్దు అని చెప్పి ఇంటికి పంపారు.

తర్వాతి ఆదివారం కళ్యాణక్క వచ్చి ఎప్పట్లాగే గడప ముందు పడుకుంది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ వాకర్ టకటకలాడించుకుంటూ వచ్చింది.

"లే. ముందుగాల దవాఖానకు పొయ్యి సూపిచ్చుకో. నా కోడలు తొక్కలేదు గనుకనే నేనియ్యాల నిలబడ్డ."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కళ్యాణక్క గొణుక్కుంటూ పోయింది. ఆ పూట అత్తమ్మకు ఇష్టమని మటన్ కూర వండాను.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఆమె నన్ను చెయ్యూపి మంచం దగ్గరకు పిలిచింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎడమ దిక్కు తుంటి జర గుంజుతుంది బిడ్డా. ఇదైతే విరగలేదు గదా. తొక్కుతవా?"

నేను వెళ్లి, నా పాదాలు ఇంకెవరికీ దొరక్కుండా బూట్లు వేసుకుని వచ్చాను.