మొదటి షీటు మీద సంతకం

భయపడడానికి కూడా డిగ్రీ ఇచ్చేటట్టయితే ఆ పిల్ల యూనివర్సిటీ ఫస్టు వచ్చి ఉండేది. డిజైన్ కాలేజీలో నాలుగేళ్ళూ పక్కవాళ్ళ పని చూసి భయపడింది. చదువయ్యాక ఉద్యోగం రాదేమోనని భయపడింది. వచ్చాక అది పోతుందేమోనని భయపడుతోంది. ఇల్లలకగానే పండగ కాదని మేనత్త ముందే హెచ్చరించింది గానీ, ఆ అలికిన నేల మీద అడుగు తీసి అడుగు వెయ్యడానికి కూడా ఇంత వణుకు పుడుతుందని ఆవిడకి మాత్రం ఏం తెలుసు.

ఉద్యోగం టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో. మందుల పెట్టెలు, సబ్బుల కాగితాలు, బిస్కెట్ డబ్బాలు ఎలా కనబడాలో తయారుచేసి ఇచ్చే చిన్న ఆఫీసు. యజమానురాలిని అందరూ మేడమ్ అంటారు. మేడమ్‌కి కోపం రాదు, భయమంతా అదే. నచ్చకపోతే ఎర్ర పెన్సిలుతో ఒక చిన్న గీత గీసి కాగితాన్ని వెనక్కి జరుపుతుంది, అంతే. కొత్తవాళ్ళకి మూడు నెలల గడువు. ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్న ఇద్దరూ గడువు దాటలేదు. వాళ్ళలో ఒకరి టీ కప్పు ఇంకా కిటికీలోనే ఉంది. మన పిల్ల రోజూ పొద్దున్నే ఆ కప్పు మొహం చూసి గానీ కంప్యూటర్ తెరిచేది కాదు.

పదో వారంలో ఆమెకి సొంతంగా ఒక పని అప్పగించారు. ఒక మందుల కంపెనీవాళ్ళ రెండు చిన్న సీసాలు, వాటి పెట్టెలు. ఒకటి కంట్లో వేసుకునే చుక్కల మందు, రెండోది చెవిలో వేసుకునేది. పాతవి చూసి ఆమెకి నవ్వాగలేదు. కంటిది ఆకుపచ్చ, దాని మీద గుడ్లు మిటకరించినట్టు ఒక కన్ను. చెవిది ఇటుక రంగు, దాని మీద చేటంత చెవి. ఒక ఇంటి వస్తువులు ఒక ఇంటివిలా కనబడాలని కాలేజీలో నూరిపోశారు. ఆఖరి ఏడాది ఆమెకి మొదటి బహుమతి వచ్చింది కూడా అలాంటి పనికే. అందుకని రెంటినీ తెల్లగా చేసేసింది. మధ్యలో ఒకే ఒక్క నీలం చుక్క. దాని కింద సన్నని అక్షరాల్లో, ఒకదాని మీద కంటికి అనీ రెండోదాని మీద చెవికి అనీ ఒక్క మాట. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ముద్దొచ్చాయి.

మేడమ్ చాలాసేపు చూసింది. పెన్సిలు కింద పెట్టి, "బాగుంది," అంది.

ఆ ఆఫీసులో ఆ మాట వినబడి రెండేళ్ళయిందని పక్క సీటువాళ్ళు చెప్పారు. ఆ రోజు ఆమె కిటికీలోని కప్పు వంక చూడనైనా చూడలేదు.

వాళ్ళు అచ్చు వేయించే ప్రెస్సులో ఒక పద్ధతుంది. మిషన్ మీద నుంచి మొదటి షీటు దిగగానే దాన్ని తయారుచేసినవాళ్ళే వచ్చి చూసి, మూల సంతకం పెట్టాలి. సంతకం పడనిదే రెండో షీటు కదలదు. పడ్డాక ఏ తప్పు బయటపడినా అది సంతకం పెట్టినవాళ్ళదే. ఇలా సంతకాలు పడ్డ షీట్లన్నీ మిషన్ మాస్టారు ఒక తీగకి గుచ్చి గోడకి వేలాడదీస్తాడు. రేపు పది గంటలకి నువ్వే వెళ్ళి సంతకం పెట్టిరమ్మని మేడమ్ చెప్పినప్పుడు పిల్లకి కాళ్ళు నేల మీద ఆనలేదు. కాలేజీ రెండో ఏడాది నుంచీ నోటుపుస్తకాల వెనక పేజీల్లో, కింద ఒక వంపు గీతతో సహా, ఆ సంతకం సాధన చేస్తూనే ఉంది మరి.

ఆ సాయంత్రం రెండు సీసాలు ఇంటికి తెచ్చింది. ఫొటోల కోసం కంపెనీవాళ్ళు మందు నింపి పంపినవి, మీద తను అంటించిన కొత్త లేబుళ్ళు. మేనత్తకి చూపించాలని. ఆమెని పెంచింది ఆ అత్తే. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి, మూడు వారాల కిందట ఒక కంటికి ఆపరేషనయింది. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసుకుంటోంది, అదీ ఆ కంపెనీ మందే, పాత ఆకుపచ్చ సీసా. అత్త కొత్త సీసాల్ని బొటనవేలితో నిమిరి నిమిరి చూసింది. ఎదురింటావిడని పిలిచి మరీ చూపించి, అద్దం ముందు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున పిల్ల ఉన్నవాటిలో మంచి డ్రెస్సు తీసి ఇస్త్రీ చేసుకుంటోంది. ఎందుకో వెనక్కి తిరిగింది. అత్త కుర్చీలో తల వెనక్కి వాల్చి, వేలితో కింది రెప్ప లాగి పట్టుకుని, కంటి మీద సీసా వంచుతోంది. తెల్ల సీసా. సన్నని అక్షరాల్లో చెవికి అని ఉన్న సీసా.

పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టిందో ఎలా ఉరికిందో తెలియదు, అత్త మణికట్టు పట్టుకుని లాగేసింది. జారిన చుక్క చెంప మీద పడి, అలా పాక్కుంటూ చెవి దగ్గరికి పోయి ఆగింది.

"అది చెవిది అత్తా," అంది.

అత్త చెంప తుడుచుకుంది. సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, చెయ్యి చాపి చూసింది. తర్వాత నవ్వేసింది. "నువ్వు చేసిందని ముచ్చటపడి తీశానే. నీ తప్పేముంది? ఈ పాడు కళ్ళదే తప్పు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది లోకం తీరు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, అయినా అత్త తన ఆటనే తిట్టుకుంటోంది. పిల్లని వణికించింది అదే. ఈ పెట్టెలు అచ్చయి వేల ఇళ్ళకి వెళతాయి. ఎవరో ఒకరు ఇలాగే తల వెనక్కి వాలుస్తారు. మణికట్టు పట్టుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఉండకపోవచ్చు. కన్ను పాడయినా ఆ మనిషి తన కళ్ళనే తిట్టుకుంటుంది తప్ప లేబుల్ని తిట్టదు. ఎవరూ ఉత్తరం రాయరు, ఎవరూ అడగరు. తను నోరు మూసుకుంటే ఈ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సీసాలు రెండూ సంచీలో వేసుకుని ప్రెస్సుకి నడిచింది. దారి పొడుగునా ఆ రెండూ ఒకదానికొకటి తగిలి టక్కుటక్కుమంటూనే ఉన్నాయి.

మాస్టారు మొదటి షీటుని బల్ల మీద పరిచాడు. ఇంకా తడి ఆరలేదు, సిరా వాసన గుప్పుమంటోంది. షీటు మీద ఇరవై నాలుగు పెట్టెలు, పన్నెండు కంటివి, పన్నెండు చెవివి. నిలబడి చూస్తే ఏవి ఏవో, వాటిని చేసిన మనిషికే తెలియలేదు. మాస్టారు పెన్ను చేతికిచ్చాడు. పిల్ల భూతద్దం అడిగింది. నీలం కాస్త ముదిరిందా అనడిగింది. కాగితం మందం అడిగింది. అరచేతి చెమటకి పెన్ను జారుతోంది.

"చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకమ్మా," అన్నాడు మాస్టారు. "నీలం బాగానే ఉంది. నీ మొహమే బాగాలేదు."

చెప్పేసింది. అత్త, సీసా, చెంప మీద చుక్క. మాస్టారు మిషన్ ఆపించి స్టూలు మీద కూర్చున్నాడు. తన చేతిలో ఏమీ లేదనీ, సంతకం పడితే మధ్యాహ్నానికల్లా అంతా అచ్చయిపోతుందనీ, పడకపోతే ఇలా కూర్చుంటాననీ అన్నాడు. ఆమె మేడమ్‌కి ఫోన్ చేసి, సంతకం పెట్టలేనని మాత్రం చెప్పగలిగింది. "అక్కడే ఉండు," అని పెట్టేసింది మేడమ్.

నలభై నిమిషాలు. మిషన్ ఆగితే ప్రెస్సులో ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకి తెలియదు. పనివాళ్ళు ఎవరి చోట వాళ్ళు కూర్చుని ఆమెనే చూస్తున్నారు, లేదా చూస్తున్నారని ఆమెకి అనిపించింది. ఆఫీసు కిటికీలోని కప్పు పక్కన తన కప్పు కూడా కళ్ళ ముందు కనబడుతోంది. చేతులు ఊరికే ఉండలేక, పారేసిన షీటు వెనక మార్కరుతో ఏదో గీస్తూ కూర్చుంది.

మేడమ్ వచ్చింది. నిలబడే విన్నది, షీటు చూసింది. "పెట్టె మీద రాసే ఉందిగా. చదువుకుని వేసుకోవాలి," అంది.

"చదవలేకే కదా మేడమ్, కంటి మందు కొనుక్కునేది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని పిల్లకి అర్థమయ్యేలోపు రెండో మాట కూడా వచ్చేసింది. సంచీలోంచి సీసాలు తీసి రెండు చేతుల్లో పట్టుకుని, మేడమ్‌ని ఒక్కసారి కళ్ళజోడు తీసి చెవిది ఏదో చెప్పమంది. ధైర్యం కాదది. భయం అంచుకి చేరాక ఇంకెటూ పోవడానికి చోటు దొరకలేదు, అంతే.

మేడమ్ కళ్ళజోడు తీసింది. కళ్ళు చిట్లించి, కుడి చేతిలో ఉన్నదాన్ని తీసుకుంది. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని లేబుల్ చూసింది. అది కంటిది.

"పొద్దుటి నుంచీ ఈ కళ్ళు మంటగా..." అని ఆగిపోయింది మేడమ్.

మాస్టారు గోడ మీది తీగని సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

మేడమ్ ఒక మూలకి పోయి కంపెనీకి ఫోన్ చేసింది. పొరపాటు మాదే అంది గానీ మా కొత్త అమ్మాయిది అనలేదు. అవతలివాళ్ళు చాలాసేపు అరిచారు, గోడకి ఆనుకుని అంతా విన్నది. తిరిగొచ్చి, పిల్ల ముందున్న చెత్త షీటు తీసింది. దాని మీద చేటంత చెవి.

"ఇది నువ్వు గీసిందేనా?"

"అవును మేడమ్."

"అసహ్యంగా ఉంది. ఇంకా పెద్దది చెయ్యి. రంగులు కూడా పాతవే వెయ్యి." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "బాగుందన్నది నేనే. అయినా ముందే చూసుకోవాల్సింది నువ్వు. నీ మూడు నెలలూ మళ్ళీ ఇవాళ్టి నుంచి మొదలు."

ఉద్యోగం పోలేదు, నిలవనూ లేదు. తొమ్మిది రోజులే ఉన్న భయం కాస్తా తొంభై రోజులైంది.

నాలుగో రోజు కొత్త మొదటి షీటు మీద సంతకం పెట్టింది. పెట్టేముందు గది అవతలి మూల దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చూసింది. ఇటుక రంగు, ఆకుపచ్చ. చెవి, కన్ను. సంతకం మాత్రం ఇన్నేళ్ళు సాధన చేసినట్టు రాలేదు. అక్షరాలు వంకర్లు పోయాయి, కింద వంపు గీత పెట్టడం మరిచే పోయింది. మాస్టారు దాన్ని తీగకి గుచ్చి మిషన్ వేశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి అత్తకి చుక్కలు వేసుకునే వేళయింది. ఇప్పుడు సీసా పిల్ల చేతికే ఇస్తోంది. అత్త తల వెనక్కి వాల్చి, రెప్ప లాగి పట్టుకుని, నోరు కూడా తెరుచుకుని ఎదురుచూస్తోంది. పిల్ల పాత ఆకుపచ్చ సీసా తీసింది. లేబుల్ చదివింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో మళ్ళీ చదివింది.

"ఏమే, ఇంత చదివించాను, అక్షరాలు మర్చిపోయావా?" అంది అత్త, మెడ నొప్పెడుతుంటే.

"ఉండత్తా. ఇంకోసారి చదవనీ."