బోసిచెవి

ఎండిన కురిడీకాయ మీద కత్తి వెనకవైపుతో ఒక్క దెబ్బ వెయ్యాలి. చిప్ప పగలాలి, లోపలి కొబ్బరిగుండుకు దెబ్బ తగలకూడదు. అంబాజీపేట కొట్లో ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్న సీతారత్నం ఈ మధ్య కాయకో మారు ఆగుతోంది. జారిపోయే పమిటను మోచేత్తో ఎడమ చెవిమీదికి తోసుకుంటోంది.

"మా పిల్ల సాయిదుర్గ మెడమీద కంతి లేదా వదినా? నీకు కుట్టిన డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్దామనుకున్నాం. నీ చెవి చూసేక భయమేసి కాకినాడ తీసుకెళ్ళేం" అంది పక్క పీటమీది సూర్యకుమారి.

"ఆయ్" అంది సీతారత్నం. అన్నందుకు తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

ఆమె మొగుడు తాతాజీ కువైట్‌లో డ్రైవరు. అతను తెచ్చిన బంగారు బుట్టల బరువుకి సాగి సాగి రెండు తమ్మెలూ తెగిపోతే, అమలాపురంలో సర్జన్ సూర్యప్రకాష్‌గారు శుభ్రంగా కుట్టారు. నేను చెప్పేదాకా ఏమీ పెట్టుకోకండమ్మా, కుట్టు మీద కన్నం అసలు వేయించకండి అని రెండుసార్లు చెప్పారు. ఆమె రెండుసార్లూ తలూపింది.

అంతలో ఉప్పలగుప్తంలో ఆడపడుచు కొడుకు పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకుని చేసిన రోజున తోటికోడలు రత్నమాల పదిమందిలో ఆమె బోసిచెవుల కేసి చూసి, "కువైట్ సొమ్మంతా ఏమైపోయిందే?" అని నవ్వింది. మర్నాడు పొద్దున్నే సీతారత్నం కంసాలి దగ్గర కూర్చుని, కుట్టు మీదే కన్నాలు వేయించుకుని బుట్టలు పెట్టుకుంది. పెళ్ళిభోజనాల వేళకి ఎడమ తమ్మె మళ్ళీ రెండుగా చీలింది. మానాక అక్కడ చిన్న కాయ కట్టింది.

తరవాత సెలవు మీద వచ్చిన తాతాజీ అది చూసి ఏమైందన్నాడు. "డాక్టరుగారి కుట్టు నిలవలేదండి" అనేసింది. అంతకు ముందే అందరికీ అదే చెప్పింది మరి.

దారికి అడ్డొచ్చిన మేకను కూడా తప్పుకోండి అనే మనిషి తాతాజీ. ఆ మనిషి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి, రోగులందరి ముందూ "నువ్వేం డాక్టరువయ్యా?" అని కేకలేసి వచ్చాడు. ఆమెను తీసుకురండి, మళ్ళీ కుడతాను, ఫీజు వద్దు అన్నారట డాక్టరుగారు. దోషి కాబట్టే దిగొచ్చాడని తాతాజీ ఇంటికొచ్చి చెబుతుంటే, ఆమె పొయ్యి దగ్గరనుంచి లేవలేదు.

ఈ సాయంత్రం అతని ప్రయాణం. కాకినాడలో వేరే డాక్టరును కనుక్కున్నాడు. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు. నోరు మూసుకుంటే చాలు, చెవి బాగుపడుతుంది. సూర్యప్రకాష్‌గారైతే కంసాలి సూది జాడ చూడగానే పట్టేస్తారు. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు చచ్చిపోతోంది. కానీ సాయిదుర్గ మెడమీది కంతి మధ్యాహ్నమంతా ఆమెను వదల్లేదు.

అమలాపురం బస్టాండులో హైదరాబాదు బస్సు కిటికీ పక్కన తాతాజీ కూర్చున్నాడు. పెట్టెలో పట్టని మాగాయ డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె కింద నిలబడి కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఏవండీ, డాక్టరుగారి తప్పేం లేదండి."

"ఏంటి?"

"ఏమీ పెట్టుకోవద్దని ముందే చెప్పేరు. రత్నమాలక్క మాట అందని నేనే కంసాలి చేత కన్నాలు వేయించుకుని బుట్టలు పెట్టుకున్నాను. మీతో అబద్ధం చెప్పేను."

తాతాజీ చాలాసేపు ఆమె చెవినే చూశాడు. తిడితే బాగుండుననుకుంది.

"అందరి ముందూ ఆయన్ని 'నువ్వు' అనేసేనే" అన్నాడు చివరికి. "ఆయన నన్ను 'అండీ' అంటూనే ఉన్నారు."

బస్సు కదలబోతోంది. డబ్బా కిటికీలోంచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది ఆయనకిచ్చి, మావారు తప్పు మాట్లాడేరని చెప్పు. చెవి ఆయన చేతే కుట్టించుకో."

"మరి మీకు అన్నంలోకండీ?"

ప్రతిసారీ మలుపు తిరిగేదాకా చెయ్యూపే మనిషి ఈసారి తల తిప్పి చూడలేదు. బస్సు వెళ్ళిపోయింది.

ఆసుపత్రి బల్లమీద కూర్చున్నంతసేపూ లేచి ఇంటికి పోదామనే అనుకుంది. లోపలికి పిలిచాక డబ్బా టేబులు మీద పెట్టి, పమిట తనే తీసేసింది. డాక్టరుగారు లైటు దగ్గరికి లాక్కుని వంగారు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ కన్నం వేయించేరాండీ?"

"ఆయ్. మీరు వద్దన్నాకేనండి."

ఆయన లైటు పక్కకి తోశారు. "మీవారు రాలేదా అమ్మా?" అని అడిగారు.

"ఇప్పుడే బస్సెక్కేరండి. తను తప్పు మాట్లాడేనని చెప్పి ఇది మీకిమ్మన్నారండి" అంది. తల ఎత్తలేక టేబులు కేసే చూసింది. మూతచుట్టూ చుట్టిన టేపు కిందనుంచి నూనె కాస్త ఊరి, డబ్బా మీద ఆమె రాసిన 'తాతాజీ, కువైట్' అన్న అక్షరాల దాకా వచ్చింది.