ఉస్తీన్య పతకం

రష్యాలో అంతర్యుద్ధం మొదలై మూడో ఏడు. ఎర్ర సైన్యంలో వంట చేసే ఉస్తీన్య బకెట్టు నిండా క్యాబేజీ సూపు పట్టుకుని వంతెన దగ్గరి మరతుపాకి గుంటలోకి దిగింది. అక్కడి సైనికుల్లో ప్రాణాలతో మిగిలింది తిఖోన్ ఒక్కడే. తుపాకిని చల్లబరిచే నీళ్ళు అయిపోయాయి. అవతలి గట్టు నుంచి తెల్ల సైన్యం గుర్రాలు వస్తున్నాయి.

“అక్కా, ఆ సూపు ఇందులో పొయ్యి!”

“పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదరా, రెండు గుక్కలైనా తాగు.”

“ముందు దీని దాహం తీరనీ. నా సంగతి తర్వాత.”

పోసింది. తుపాకి మళ్ళీ పేలింది. తూటా తగిలి తిఖోన్ కూలాక ఉస్తీన్యే పేల్చింది. వంతెన చేజారలేదు.

ఆ యుద్ధంలోనే కొత్తగా పుట్టిన ఎర్ర జెండా పతకాన్ని ఆమెకిచ్చారు. “వంటక్కా, సూపులో మందుగుండు వాసనొస్తోందే!” అని సైనికులు ఆటపట్టించేవారు. ఆమె నవ్వేది కాదు.

యుద్ధం ముగిశాక తిఖోన్ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, పతకాన్ని అతని తల్లి చేతిలో పెట్టింది. తల్లి దాని వంక చూడనైనా లేదు.

“ఆ రోజు వాడేమైనా తిన్నాడా?”

తిన్నాడని చెబుదామనే వచ్చింది ఉస్తీన్య. అబద్ధానికి నోరు రాలేదు.

“లేదమ్మా. వాడి సూపు నా చేత్తోనే తుపాకిలో పోశాను. వాడే పొయ్యమన్నాడు.”

తల్లి లేచి, పతకాన్ని ఉస్తీన్య కోటుకి తానే గుచ్చింది.

“నువ్వే పెట్టుకో. ఎవరైనా అడిగితే మాత్రం ముందు వాడి పేరు చెప్పు.”

ఉస్తీన్య బతికినన్నాళ్ళూ అలాగే చెప్పింది.