తొడమీద తాళం

పదిహేడోసారీ పాడైపోయింది. ఐర్లండులో, స్వోర్డ్స్ అనే ఊళ్లో మా అద్దె ఇంటి హాట్‌ప్రెస్ అనే గూటిగదిలో, వేడినీళ్ల ట్యాంకుకీ తువ్వాళ్లకీ మధ్య ఇరుక్కుని ఫోన్‌లో రికార్డు చేస్తూ పాడుతున్నాను. చెవిలో మెట్రోనోము టిక్కుటిక్కుమంటూ ప్రాణం తీస్తోంది.

అవతల డ్రోహెడా ఆస్పత్రిలో మొరీన్‌కి ఊపిరి అందడం లేదు. కోవిడ్. చర్చి బృందంలో మూడేళ్లుగా నా పక్కన నిలబడి పాడిన మనిషి. చూడటానికి ఎవర్నీ రానివ్వడం లేదు. మిగిలిన ఎనిమిదిమందిమీ ఎవరింట్లో వాళ్లం ఈ మెట్రోనోము లయకే పాడి పంపితే, మా గురువు డోనల్ అన్నీ కలిపి ఆవిడకి వినిపిస్తాడట. ఆవిడ ఉండగానే అందాలి.

ఈ డోనలే ఎన్ని కబుర్లు చెప్పాడని! నాలుగొందల ఏళ్లనాటి ఈ లాటిన్ ప్రార్థనల్ని పెద్ద పెద్ద బృందాలు గొంతులు వణికిస్తూ పాడి చెడగొట్టాయట. అప్పటివాళ్లు ఒకే పుస్తకం చుట్టూ మూగి, ఒకరి ఊపిరి ఒకరు వింటూ పాడేవారట. అందుకే మమ్మల్ని భుజాలు తగిలేలా నిలబెట్టేవాడు. ఇప్పుడేమో చెవిలో ఈ టిక్కుటిక్కు!

నాకేమో, చిన్నప్పటి సంగీతం మేష్టారి పుణ్యమా అని, తొడమీద తాళం వెయ్యందే గొంతు పెగలదు. ఆ చప్పుడు మొదలవగానే మొరీన్ ఇటు తిరక్కుండానే నా చేతిమీద తన చెయ్యి వేసి నొక్కేది. "ఈజీ నౌ, లవ్" అనేది, కాస్త నెమ్మదించమని. నాకు ఒళ్లు మండేది.

విసుగెత్తి ఇయర్‌ఫోన్లు పీకేశాను. పదిహేడుసార్లు విన్న లయ ఎలాగూ ఒంట్లోకి ఎక్కేసింది. తాళం వేసుకుంటూ ఒక్క ఊపులో పాడి పంపేశాను.

పావుగంటలో డోనల్ ఫోన్ చేశాడు.

"గ్రాండ్‌గా పాడావు దమయంతీ. కానీ ఏదో టపటపా చప్పుడు. మళ్లీ పాడతావా?"

"టైమ్ లేదు డోనల్. అలాగే పంపెయ్."

ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. ఆవిడ వినే ఆఖరి పాటలో నా దరువా? కాలు నిలవక ఇల్లంతా తిరిగాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ వార్డు నర్సు రత్నకుమారి ఫోన్ చేసింది. గుంటూరమ్మాయి. డోనల్ దగ్గర నా నంబరు తీసుకుందట.

"పొద్దున పోయారక్కా. నిన్న సాయంత్రం పాట రెండుసార్లు పెట్టా. కళ్లు తెరవలా. కానీ ఆ టపటపా చప్పుడు రాగానే చెయ్యి పక్కకి జరిపి, దుప్పటిమీద పెట్టి నొక్కారక్కా. రెండుసార్లూ అంతే. నొప్పేమో అనుకున్నా."

"నొప్పి కాదమ్మా," అన్నాను. ఏడ్చేశాను.

ఆ పిల్ల మాట్లాడినంతసేపూ తొడమీద కొట్టుకుంటూనే ఉన్న నా చెయ్యి అప్పుడు ఆగింది.