రోజుకో వరుస

ఈ చలిదేశంలో వాన్ అనే ఊరి గోదాములన్నిట్లోనూ ఫైళ్ళు చూడడంలో యోగానంద్‌ను మించినవాడు లేడు. టీ కప్పు బల్లమీద పెట్టాడంటే, దాని ఆవిరి పైకప్పును తాకేలోగా మూడు వందల ఫైళ్ళు తెరిచి, ఇది మంచిది, ఇది పాడు అని తేల్చి పారేసేవాడు. ఆ వేగానికి కీబోర్డు మీంచి సన్నగా పొగ లేచేదని కూడా అంటారు.

ఆ పొగను వర్షిణి మాత్రం ఎన్నడూ చూడలేదు. జగిత్యాల నుంచి చదువుకోవడానికి వచ్చి, ఆరుగురు అమ్మాయిలతో ఒక బేస్‌మెంటులో ఉంటూ, వారానికి మూడు రోజులు ఆయన పక్క కుర్చీలో పని నేర్చుకుంటోంది. ఆమెకు కనపడేది అరవై మూడేళ్ళ బక్కపలచని మనిషి. చెవి వెనక పెన్సిలు, మోచేతుల దగ్గర పలచబడ్డ గోధుమరంగు స్వెట్టరు, ఎడమ మడమ అరిగిన బూట్లు.

దుకాణాల ఆర్డర్లు తెల్లారేసరికి ఫైళ్ళుగా వచ్చిపడేవి. ఒక్కోదానిలో లక్ష వరుసలు. అన్నీ చదవనక్కర్లేదు. నల్లటి తెరమీద హెడ్ అని కొట్టి, పక్కన ఫైలు పేరు కొడితే మొదటి పది వరుసలు కనపడతాయి. తేదీ సరిగ్గా ఉందా, దుకాణం నంబరు ఉందా, గడుల పేర్లు వరసలో ఉన్నాయా, అంతే చూడాలి. కవరు చించగానే 'క్షేమం' అన్న మాట కోసం వెతుక్కున్నట్టు. పంతొమ్మిదేళ్ళుగా యోగానంద్ ఉద్యోగం అదే. దేనికీ పదకొండో వరుస చూసి ఎరగడు.

ఒక్క ఫైలుకు తప్ప.

అది ఆయన భార్య మీనాక్షి రాసింది. ఆసుపత్రిలో చికిత్స కోసం గంటలు గంటలు కూర్చోవలసి వచ్చిన రోజుల్లో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, తను లేకపోతే ఇల్లెలా నడపాలో ఇంగ్లీషు అక్షరాల తెలుగులో వరుసకొక్క ముక్కగా రాసి, ఆయన ఆఫీసుకు పంపింది. 'ఆవాలు చిటపటలాడకముందే మినప్పప్పు వేయకు.' 'బేస్‌మెంటు కిటికీ గొళ్ళెం వదులు, చూసుకో.' అన్నీ అలాంటివే. ఆమె పోయాక పనిలోకి వచ్చిన మొదటిరోజు, ఆయన అలవాటు కొద్దీ హెడ్ కొట్టాడు. పది వరుసలు వచ్చాయి. పదకొండోదానికి ధైర్యం చాలలేదు. మర్నాడు పక్కన పదకొండు అని అంకె కలిపి కొట్టాడు; ఒక్క వరుస ఎక్కువ వచ్చింది. ఆ మర్నాడు పన్నెండు. అలా పనిరోజుకొక వరుస. మొత్తం ఎన్ని ఉన్నాయో చూసుకోలేదు. అయిపోయిన రోజు ఆమె తనతో అనే కొత్తమాట ఉండదని ఆయనకు తెలుసు. సాయంత్రం ఇంటికెళ్ళేముందు రేపటి అంకెను పసుపు చీటీమీద రాసి తెర అంచుకు అంటించేవాడు. పొద్దున చదివాక పెన్సిలుతో కొట్టేసేవాడు.

కనక మొదట చెప్పిన మూడు వందల ఫైళ్ళ మాట మరిచిపోండి. రోజుకు వచ్చేవి నలభై. టీ చల్లారి, మళ్ళీ వేడెక్కి, మళ్ళీ చల్లారేది. ఇక చదవడమంటారా, ఒక్క ఫైలును రెండేళ్ళుగా చదువుతున్న నిదానస్తుడు ఈ ఖండంలో ఇంకొకడుండడు.

ఆ మార్చి శుక్రవారం పొద్దున ఆయన బస్సు దిగి, చలిలో నడిచి లోపలికి వచ్చేసరికి కళ్ళద్దాలు తెల్లగా ఆవిరి పట్టాయి.

"అమ్మాయ్, నాకేం కనపడి చావట్లేదు. ఆంటీ ఫైలు నువ్వు తెరువు. చీటీమీద అంకె ఉంది చూడు, ఐదు వందల పదహారు."

వర్షిణి వేళ్ళకు కాలేజీ అలవాటు. హెడ్ బదులు క్యాట్ కొట్టేసింది. అది ఫైలునంతా చివరిదాకా గుమ్మరించే ఆజ్ఞ. తెర జరజరా పరుగెత్తి ఆగిపోయింది.

"ఏంటమ్మా, అలా పరుగెత్తింది?"

"సారీ అంకుల్, క్యాట్ కొట్టేసిన..."

ఆయన గిరుక్కున గోడవైపు తిరిగి, మసక అద్దాల వెనక కళ్ళు కూడా మూసుకున్నాడు. "చెప్పకు! ఏం చూశావో చెప్పకు. తుడిచెయ్."

తుడిచేలోపే ఆమె చూసింది. నిన్న ఆయన పైకి చదివి వినిపించిన కరివేపాకు వరుస తెర అడుగున ఉంది. దాని కింద రెండే వరుసలు. ఒకటి ఇవాళ్టిది, ఒకటి సోమవారానిది. అంతే.

"ఒక్కటి చెప్పు," అన్నాడు గోడతో. "ఇంకా ఉందా?"

"మస్తుంది అంకుల్. మీరు రిటైరయ్యేదాకా సరిపోతది."

"అబద్ధమాడితే కళ్ళు పోతాయ్."

"పోతే మీ అద్దాలిద్దురు."

ఆయన నవ్వి, అద్దాలు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆమె సరిగ్గానే కొట్టింది. 'ఏప్రిల్ వచ్చిందని కోటు పైన పెట్టేయకు. ఈ దేశంలో ఏప్రిల్ మాట నమ్మొద్దు.'

"విన్నావా? ముప్పై ఏళ్ళూ ఇదే పాట," అంటూ చీటీమీది అంకె కొట్టేశాడు. రోజంతా హుషారుగా ఉన్నాడు. నలభై ఫైళ్ళూ చూశాడు. ఒకదానిలో తేదీ తప్పుంటే పట్టుకుని, పిల్లాడికి జేబులో బెల్లంముక్క దొరికినట్టు మురిసిపోయాడు. సాయంత్రం కొత్త చీటీ అంటించి, స్వెట్టరు మీద కోటు మెడదాకా బిగించుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఆమెకు పనిలేదు. అయినా ఆ వరుస దగ్గర ఆయన ఒంటరిగా ఉండకూడదని, డబ్బాలో నిమ్మకాయ పులిహోర పెట్టుకుని ముందు బస్సుకే వచ్చింది. ఏం చెప్పి ఓదార్చాలో దారంతా కూడబలుక్కుంది.

కుర్చీ ఖాళీగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో వాలిన మనిషి మళ్ళీ లేవలేదని, కింది వాటాలో ఉండే జనార్ధనరావు గారు ఆఫీసుకు ఫోన్ చేశారట. పొయ్యి ఆపే ఉందట. కోటు కొక్కేనికే ఉందట, పైన పెట్టలేదు.

వర్షిణి పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆడిన అబద్ధం బయటపడనే లేదు. మీనాక్షి మాటలు ఆయనకు అయిపోనూ లేదు.

ఆ చివరి వరుస ఇదీ: 'ఇంత నిదానంగా చదువుతావని తెలిసే, ఇన్ని రాశాను.'

ఇది మాత్రం నేను కల్పించింది. అందులో ఏముందని ఎన్నిసార్లు అడిగినా వర్షిణి తల అడ్డంగా ఊపుతుంది తప్ప పెదవి విప్పదు. తక్కిన కథకు ఆ పిల్లే సాక్షి, ఆమె పర్సులో మడతపెట్టుకున్న పసుపు చీటీ సాక్షి: దానిమీద పెన్సిలుతో 517, ఇంకా కొట్టేయకుండా.