వంగే చిమ్టా

రేణుకకు కోపమొస్తే మాట తగ్గుతది, నడక పెరుగుతది. ఆ పొద్దు కాలేజీ నుంచి తమ ఇల్లున్న దాజీ పేట్ దాక బస్సెక్కకుండ నడిచొచ్చింది. కోపం రాదా మరి! రెండేండ్లు ఒళ్ళు హూనం చేసుకొని నిలబెట్టిన పనిని గైడు పాండురంగ్ సర్ ఒక్క మాటతో తీసి పక్కన పెట్టిండు. "వంగేది చిమ్టా ఎట్లైతది? నడుమ గట్టి కడ్డీ పెట్టు. లేకుంటే థీసిస్ మీద సంతకం పెట్ట."

చిమ్టా అంటే పట్టకారే గని, ఇది కంటికి ఆనేది కాదు. నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థం ఉంటది చూడు, దాని జాతివే పోర్ఫిరిన్లు, చదరపు పలకల్లెక్క ఉంటయి. ఒక్కోదాని నడుమ జింకు. రెండు పలకల్ని వంగే గొలుసుతో కలిపితే, రెండు కొసలకు నైట్రోజన్ ఉన్న ఇంకో అణువు అతిథిగ వచ్చి మధ్యల చిక్కుతది, ద్రావణం రంగు మారుతది. గొలుసు మెత్తగుంటే పలకలు ఒకదాని మీదొకటి పడిపోతయని సర్ వాదన.

ఇంట్ల తల్లి బాలమణి బీడీలు చుడ్తుంది. సంగతంత విని, తడిగుడ్డ మూట బయట పడి ఎండిన ఆకునొకదాన్ని తీసి చుట్టింది. ఫట్టున పగిలింది.

"ఇగో, మీ సర్ చిమ్టా. ఆకు నానితేనే బిడ్డా, తంబాకు ఎక్కువైనా తక్కువైనా అండ్ల ఇముడ్తది."

రేణుక నవ్వలే. ఆకును చూపిస్తే కాలేజీల ఎవడు నమ్ముతడు? మూడు నెలలు కూసొని సర్ చెప్పిన గట్టి చిమ్టా కూడ తయారు చేసింది. పొట్టిది, నడిమిది, పొడుగుది, మూడు అతిథి అణువుల్ని రెండు చిమ్టాలకూ ఇచ్చి చూసింది. గట్టిది నడిమిదాన్ని ఉడుంపట్టు పట్టింది, మిగతా రెంటిని రెండు దిక్కుల నుంచి పట్టలేకపోయింది. వంగేది మూడిటినీ పట్టింది. పట్టు కొంచెం తక్కువే. ఆ తక్కువ కూడ దాచకుండ రాసింది.

సర్ కాగితాలు తిప్పి తిప్పి చూసిండు. తప్పు దొరకలే. సంతకమైతే పెట్టిండు గని, థీసిస్ పేరుల "వంగే" అన్న మాట కొట్టేసిండు.

"అగ ములీ, ఓ పిల్లా, ఒక్క మాటకేముంది?"

"ఆ ఒక్క మాటే నా పని, సర్."

సర్ తన గదిలకు పోయి తలుపేసుకున్నడు. బీడీలు పరీక్షించేటోడు మంచి కట్టల్ని కూడ పారేస్తే దాజీ పేట్ ఆడోళ్ళు కార్ఖానా గడపకు అడ్డంగ కూసుంటరు, మళ్ళ చూసేదాక లేవరు. రేణుక అట్లనే కూసుంది. క్లాసు గంట కొట్టిండ్రు. సర్ తలుపు తీసేసరికి పిల్లలు గుమిగూడి ఉన్నరు.

"లే! ఇదేమన్న బీడీ కార్ఖానానా?"

"పద్ధతి ఆ కార్ఖానాదే, సర్. మా అమ్మ చాన సార్లు కూసుంది. మీరు పోవాల్నంటే దాటిపోండి."

అందరు చూస్తుండంగ ఆడపిల్లను దాటే ధైర్యం సర్‌కు యాడిది? మొఖం మాడ్చుకొని ఆమె చేతిల ఉన్న థీసిస్ పేరు కాగితం గుంజుకున్నడు, తలుపుకు ఆనించి కొట్టేసిన మాటను మళ్ళ రాసిండు.

రేణుక అక్షరమక్షరం చదువుకుంది, పక్కన పొట్టి సంతకం కూడ పెట్టించుకుంది. గప్పుడు లేచి దారిచ్చింది.